మెటచెన్‌లో పేరంటం

అమెరికా శనగల్లో రాళ్ళుండవని కూతురు ఎన్నిసార్లు చెప్పినా లీలావతి నమ్మలేదు. మంగళవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద పెద్ద స్టీలు పళ్ళెం పెట్టుకుని, ఐదు పౌన్ల పొట్లం విప్పి, గుప్పెడు గుప్పెడే పక్కకు తోస్తూ ఏరుతోంది. రాయి ఒక్కటీ దొరకలేదు. దొరకలేదని మానేసే మనిషి కాదు ఆవిడ. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. సాయంత్రం పేరంటానికి ఇరవైమంది దాకా ముత్తయిదువలొస్తారు, ఒక్కొక్కరికీ దోసెడు నానబెట్టిన శనగలు వాయనం ఇవ్వాలి. ఎవరి పంటి కిందైనా రాయి పడితే మాట పడేది సుమతి కదా అని ఆవిడ బెంగ.

ఎదురుగా మనవరాలు నైనిక ల్యాప్‌టాప్ ముందు మఠం వేసుకుని కూర్చుంది. పదకొండేళ్ళ పిల్ల, వేసవి సెలవులు, చేతిలో వేరే పనేమీ లేదు.

"అమ్మమ్మా, సెవెంటీన్ యెస్, టూ నో. ఇప్పుడే సుధ ఆంటీ కూడా యెస్ పెట్టింది."

లీలావతి చెయ్యి శనగల మీద ఆగిపోయింది.

"ఏ సుధ?"

"మా తెలుగు క్లాస్ సుధ ఆంటీ. చదవనా? ‘ట్రైన్ దిగి స్ట్రెయిట్‌గా మీ ఇంటికే వచ్చేస్తాను నైనికా, నాకు రెండు పూర్ణం బూరెలు దాచు.’ స్మైలీ కూడా పెట్టింది."

ఏలూరులో అయితే కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, బొట్టు పెట్టి పిలుస్తారు. పిలవకూడని గడప దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే పక్కకు తిరుగుతాయి, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. న్యూజెర్సీలో కాళ్ళతో పనిలేదు. పిలుపులన్నీ కంప్యూటర్ మీద ఈవైట్‌లో వెళ్తాయి. ఆఫీసులో పని ముంచుకొచ్చి సుమతి ఈ ఏడు ఆ బాధ్యత కూతురికి అప్పగించింది. నైనిక వాళ్ళమ్మ మెయిల్ తెరిచి, ‘మెటచెన్ ఆంటీస్’ అనే జాబితా మీద ఒక్క నొక్కు నొక్కింది. ఆ జాబితాలోంచి సుధ పేరు తీసెయ్యాలని మార్చి నెల నుంచి ఎవరికీ తోచలేదు.

మార్చిలో ఒక సోమవారం పొద్దున్న, మెటచెన్ స్టేషన్‌లో న్యూయార్క్ వెళ్ళే ఏడూ ఇరవై బండి కోసం నిలబడిన సుధ భర్త నరసింహ, చేతిలో కాఫీ కప్పుతో ఉన్నవాడు ఉన్నట్టే కూలిపోయాడు. నలభై నాలుగేళ్ళు. పక్కనే ఉండి పట్టుకున్నవాడు లీలావతి అల్లుడు జగన్మోహన్. ఇద్దరూ ఆరేళ్ళుగా అదే బండి, అదే పెట్టె.

"ఎందుకమ్మమ్మా ఏరడం ఆపావు?" అంది నైనిక.

"కళ్ళు లాగుతున్నాయి తల్లీ," అంది లీలావతి. అది అబద్ధం. ఆ వారంలో ఆవిడ ఆడిన అబద్ధాల్లో అది చిన్నది.

సాయంత్రం సుమతి ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే ఫోన్ మోగింది. చేసింది రాధారాణి. ఊళ్ళో తెలుగువాళ్ళలో పెద్దావిడ, ఏ పూజకు ఏ పువ్వు వాడాలో ఈవిడనడగనిదే ఎవరూ ఏమీ చెయ్యరు. ఈవైట్‌లో ఎవరు వస్తున్నారో అందరికీ కనిపిస్తుంది. "సుధ వస్తోందటగా" అని మాత్రమే అందావిడ. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనకపోవడంలో ఆవిడ ఎప్పుడూ ఘనాపాఠీయే.

సుమతి ఫోన్ పెట్టేసి కూతురి వైపు తిరిగింది. "ఎవర్నడిగి పంపావే?"

"నువ్వే చెప్పావు మామ్. ఆల్ ద ఆంటీస్ అన్నావు."

"ఆల్ ద ఆంటీస్ అంటే..." పదకొండేళ్ళ పిల్లకి, అందులోనూ ఇక్కడ పుట్టిన పిల్లకి, ఆ మాట ఎలా చెప్పాలో సుమతికి తెలియలేదు. "సరేలే, పైకి వెళ్ళు."

పిల్ల వెళ్ళాక వంటింట్లోకి వచ్చి, స్టవ్ దగ్గరున్న తల్లి పక్కన నిలబడింది. గరిటె తీసి కడిగింది. కడిగిన గరిటె మళ్ళీ కడిగింది.

"నువ్వు చెబితే బావుంటుందమ్మా. నేను చెబితే ఏదోలా ఉంటుంది. నీ నోటి నుంచి వస్తే తను ఫీలవదు."

నా నోటి నుంచే ఎందుకని లీలావతి అడగలేదు. ఎందుకో ఆవిడకి తెలుసు. ఆవిడ నుదురు ఖాళీ అయి తొమ్మిదేళ్ళయింది. ఈ ఇంట్లో ఇది మూడో వ్రతం. పిండి రుబ్బేదీ, బూరెలు వేసేదీ, శనగలు నానబోసేదీ ఆవిడే. ముత్తయిదువల కార్లు ఇంటి ముందు ఆగే వేళకి మాత్రం పైగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. వెళ్ళమని ఎవరూ అనలేదు, వద్దనీ ఎవరూ అనలేదు.

"నేను ఇలాంటివి నమ్మేదాన్ని కాదమ్మా," అంది సుమతి. "నాన్న పోయినప్పుడు నీ బొట్టు తియ్యనివ్వనని అందరితో గొడవ పెట్టుకుంది నేనే కదా. నువ్వే వినలేదు. కానీ మే నెలలో జగన్‌కి గుండెలో స్టెంట్ వేశాక నాకు ధైర్యం పోయింది. ఆయన రోజూ అదే ప్లాట్‌ఫారం మీద నిలబడతారు. ఈ ఒక్క ఏడు వ్రతానికి ఏ లోటూ రాకూడదమ్మా. తప్పని తెలుసు. తెలిసే అడుగుతున్నాను."

లీలావతి తడిచేతిని కొంగుకి తుడుచుకుని కూతురి వీపు నిమిరింది. "రేపు నేను చెబుతాలే." అన్నాక, ఇంత పెద్దపని తన చేతిలో పెట్టారని మనసులో ఏ మూలో చిన్న గర్వం కూడా కలిగింది. ఆ గర్వాన్ని తర్వాత తలుచుకుని ఆవిడ సిగ్గుపడింది.

బుధవారం సాయంత్రం ఆరున్నరకే స్టేషన్ మెట్ల కింద బెంచీ మీద కూర్చుంది. అల్లుడి పుణ్యమా అని బండ్ల వేళలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. మెయిన్ స్ట్రీట్ పైనుంచి పోయే వంతెన మీద బండి ఆగుతుంది, ఒక్కసారిగా వందమంది మెట్లు దిగుతారు, రెండు నిమిషాల్లో ఎవరి కార్లలో వాళ్ళు మాయమైపోతారు. ఊరంతా పొద్దున్నే న్యూయార్క్‌కి పోయి, సాయంత్రం పడుకోవడానికి మాత్రం తిరిగొస్తుందని ఆవిడకి ఎప్పుడూ అనిపిస్తుంది.

ఆరూ నలభై రెండు బండిలో సుధ దిగింది. భుజాన బ్యాగు, కాళ్ళకి ఆఫీసు బూట్లు, నుదుట కందిగింజంత మెరూన్ స్టిక్కరు. దూరం నుంచే గుర్తుపట్టి చెయ్యూపింది.

"పిన్నిగారూ, మీరేంటిక్కడ? జగన్ గారి కోసమా?"

"నీ కోసమేనమ్మా. ఇంట్లో తోచక అలా వచ్చాను. నడుస్తూ మాట్లాడుకుందాం పద."

"ఒక్క నిమిషం, డ్రైక్లీనర్ మూసేస్తాడు. నా చీర ఉంది." సుధ గబగబా వెళ్ళి, ప్లాస్టిక్ తొడుగులో హాంగరుకి వేలాడుతున్న పట్టుచీరతో బయటికొచ్చింది. చిలకాకుపచ్చ, సన్నటి జరీ అంచు. నేలకి తగలకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుంది. "ఆయన పోయాక పట్టుచీర బయటికి తియ్యడం ఇదే. అసలు వెళ్ళాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను పిన్నిగారూ. నన్ను పిలుస్తారనుకోలేదు. ఈవైట్ చూసి, ఆఫీసులో లేచి బాత్రూముకెళ్ళి ఏడ్చాను. సుమతి ఎంత మంచిది."

లీలావతి నాలుగిళ్ళ దూరం నడిచింది. అప్పుడే వెనక్కి తిరిగిపోయి ఉంటే ఎంత బావుండేదో. కానీ ఒప్పుకున్న పని చెయ్యకుండా ఇంటికి వెళ్ళడం ఆవిడ జన్మలో లేదు.

"సుధా, నేనో మాట చెబుతాను. తప్పుగా అనుకోకు. శుక్రవారం సాయంత్రం నేను పైగదిలో ఉంటాను. ఎవరో ఉండమని కాదు. నలుగురి నోళ్ళలో పడకుండా, వాళ్ళకి ఇబ్బంది లేకుండా, మనమే కాస్త ముందుగా తప్పుకుంటే మర్యాదగా ఉంటుందని."

మనమే అన్న మాట సుధకి వినపడింది. నడక ఆపలేదు. పైకెత్తిన చెయ్యి మాత్రం కొద్దికొద్దిగా దిగిపోయింది. ప్లాస్టిక్ తొడుగు అంచు ఫుట్‌పాత్‌కి రాసుకుంటూ చప్పుడు చేస్తోంది.

"నైనిక పొరపాటున పంపిందా?"

లీలావతి తల వంచుకుంది.

"అయ్యో, పాపం సుమతి ఎంత కంగారుపడి ఉంటుందో," అంది సుధ. "నాకు తట్టాల్సింది. రాత్రికే నో అని మార్చేస్తాను పిన్నిగారూ, ఆఫీసులో లేట్ మీటింగ్ అని పెడతాను. నైనికని ఏమీ అనొద్దని చెప్పండి."

మలుపు వచ్చింది. ఎడమకి సుమతి ఇల్లు, కుడికి రెండు వీధుల అవతల సుధ ఇల్లు. సుధ అక్కడ నిలబడి చీరని మడిచి చేతి మీద వేసుకుంది.

"మీరు ఎన్నేళ్ళుగా ఇలా తప్పుకుంటున్నారు?"

"తొమ్మిదేళ్ళమ్మా."

"అలవాటైపోతుందా?"

ఆ ప్రశ్న అడిగిన మొహం చూడలేక లీలావతి దాని మీదున్న స్టిక్కరు వైపు చూస్తూ చెప్పింది. "అవుతుందమ్మా. మొదట్లో కష్టంగా ఉంటుంది. తర్వాత అలవాటైపోతుంది."

సుధ ఆ మాటని లోపల పెట్టుకుంటున్నట్టు తలూపి, "థాంక్స్ పిన్నిగారూ," అని వెళ్ళిపోయింది.

గురువారం సుధ పేరు ‘నో’ కిందికి మారింది. సుమతి రెండుసార్లు తెరిచి చూసుకుని, తల్లికి స్వయంగా కాఫీ కలిపి తెచ్చిచ్చింది. నైనిక మాత్రం మొహం ముడుచుకుని పూర్ణం ఉండలు చేసే అమ్మమ్మ పక్కన చేరింది. సుధ ఆంటీ క్లాసులో అందరికంటే ముందు గుణింతాలు నేర్చుకుంది తనేనట, ఆంటీకి కలశం చూపించి పూజలో చదివే శ్లోకం తప్పుల్లేకుండా చదివి వినిపించాలని పదిరోజులుగా నేర్చుకుంటోందట. లీలావతి వింటూ ఉండలు చేసింది. బెల్లం పాకం ముదిరిపోయి ఉండలు పగుళ్ళిచ్చాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ చేతిలో పూర్ణం పగలడం ఎవరూ చూడలేదు. ఆ రాత్రి శనగలు నానబోసి పడుకుంది కానీ కళ్ళు మూతపడలేదు.

శుక్రవారం పొద్దున్న పూజ బాగా జరిగింది. సుమతి ఎర్రంచు పసుపు చీరలో కలశం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఎంతసేపు వేడుకుందో. జగన్మోహన్ సెలవు పెట్టి, పంచె కట్టుకుని పక్కన కూర్చున్నాడు. తోరం కట్టించుకున్నాక సుమతి భర్త పాదాలకి దండం పెట్టి లేవలేక అలాగే ఉండిపోయింది. గడప అవతల నిలబడి చూస్తున్న లీలావతికి కూతురి మీద జాలేసింది. ఈ పిల్ల భయం నిజం. ఆ పిల్ల దుఃఖమూ నిజం. రెంటికీ మధ్య నిలబడి తను చేసిన పని ఏమిటో మాత్రం ఆవిడకి అర్థం కాలేదు.

సాయంత్రం ఆరయ్యేసరికి కార్లు వచ్చాయి. జగన్మోహన్ బేస్‌మెంట్‌లోకి, లీలావతి పైగదిలోకి వెళ్ళిపోయారు. మంచం అంచున కూర్చుంటే కింద జరిగేదంతా వినిపిస్తుంది. పట్టుచీరల గరగర, గాజుల చప్పుడు, రాధారాణి మొదలుపెట్టిన మంగళహారతి, వెనకాల అందుకున్న పది గొంతులు. ఆ హారతిలో రెండో చరణం వాళ్ళెప్పుడూ తప్పుగా పాడతారు. లీలావతికి సరైనది వచ్చు. నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

తలుపు తోసుకుని నైనిక వచ్చింది. పట్టులంగా, చేతిలో వాయనం సంచి. "అమ్మ నీకు ప్రసాదం మాత్రం ఇమ్మంది. నేను అన్నీ పెట్టేశాను." సంచిలో జాకెట్టు గుడ్డ, తమలపాకులు, పండు, జిప్‌లాక్‌లో శనగలు, కుంకుమ పొట్లం, స్టిక్కర్ల అట్ట. రుమాలులో చుట్టిన రెండు బూరెలు.

"ఈ బూరెలు సుధ ఆంటీకి. దాచమంది కదా. రేపు ఇస్తాను," అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "అమ్మమ్మా, ఆంటీకి మీటింగ్ లేదు కదా? అంకుల్ చనిపోయాడు అని రావద్దన్నారా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు కూడా పైనే కూర్చున్నావు కదా."

లీలావతి లేచింది. సంచి అందుకుంది, బూరెలు అందులో పెట్టుకుంది. మెట్లు దిగి, హాలు మధ్యలోంచి, ముత్తయిదువల ముందు నుంచి నడిచింది. మాటలు ఒకటొకటే ఆగాయి. రాధారాణి కాళ్ళు దగ్గరికి తీసుకుని దారిచ్చింది.

"ఎక్కడికమ్మా?" అంది సుమతి, చేతిలో పసుపు గిన్నెతో.

"స్టేషన్‌కి," అని చెప్పి, చెప్పులేసుకుని బయటపడింది.

ఆరూ నలభై రెండు బండిలో సుధ దిగలేదు. ఏడూ ఐదులోనూ దిగలేదు. ఏడున్నర బండిలోంచి దిగినవాళ్ళు ఒకరిద్దరు, పమిట నిండా కప్పుకుని సంచి ఒళ్ళో పెట్టుకున్న ముసలావిణ్ని చూసి, ఏమైనా సాయం కావాలా అని అడిగారు. తల అడ్డంగా ఊపింది. ఎనిమిదవుతుండగా, వెలుగు సన్నబడ్డాక, పదిమంది కూడా లేని బండిలోంచి సుధ దిగింది.

"పిన్నిగారూ, ఏమైంది? ఇంట్లో అందరూ బావున్నారా?"

"బావున్నారమ్మా. ఇంత ఆలస్యమేం?"

"మీటింగ్ అని రాశాను కదా. నైనికకి అబద్ధం చెప్పినట్టవుతుందని ఆఫీసులోనే కూర్చున్నాను." నవ్వబోయింది సుధ. మెట్ల దగ్గరున్న దీపం వెలుగు మొహం మీద పడింది.

నుదుట స్టిక్కరు లేదు. అది ఉండే చోట చర్మం చుట్టూ ఉన్న రంగు కంటే కొంచెం తెల్లగా, గుండ్రంగా ఉంది.

లీలావతి మళ్ళీ బెంచీ మీద కూర్చుండిపోయింది. మార్చిలో భర్త పోయిన రోజున ఎవరూ తియ్యని బొట్టు అది. పదోరోజున కూడా సుధ ఉంచుకుందని విని ఊళ్ళో వాళ్ళు చెవులు కొరుక్కున్న బొట్టు. దాన్ని ఎవరు తీశారో ఆవిడకి తెలుసు.

సుధ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "అమ్మా, మొన్న నీకు అబద్ధం చెప్పాను. అలవాటవుతుందన్నాను. అవదు. తొమ్మిదేళ్ళయింది, నాకింకా అవలేదు. ఇందాక కూడా కింద హారతి పాడుతుంటే..."

సుధ ఒళ్ళో బ్యాగు జిప్పు తీసింది, వేసింది.

"ఇప్పుడెందుకు చెప్పారు పిన్నిగారూ? నిన్న పొద్దున్న అద్దం ముందు నిలబడితే బొట్టు తియ్యడానికి చెయ్యి రాలేదు. పిన్నిగారికి అలవాటైందట కదా, నాకూ అవుతుంది అనుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని తీశాను. ఇప్పుడది కూడా మీరు తీసేసుకుంటే, నేను దేన్ని పట్టుకోను?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే లీలావతి తట్టుకునేది. పైన ప్లాట్‌ఫారం పక్క నుంచి, ఈ ఊళ్ళో ఆగని బండి ఒకటి వంతెనంతా అదిరేలా వెళ్ళిపోయింది. అది వెళ్ళాక ఆవిడ సంచిలోంచి రుమాలు తీసి సుధ చేతిలో పెట్టింది.

"నైనిక దాచిందా?"

"దాచింది."

సుధ పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. ఒక బూరె తిని, రెండోది సగం విరిచి లీలావతికిచ్చింది. శనగల పొట్లం బ్యాగులో పెట్టుకుంది. మిగతా సంచి వైపు చూసి, "అవి మీ దగ్గరే ఉండనివ్వండి," అంది. లీలావతి బలవంతపెట్టలేదు.

ఇద్దరూ నెమ్మదిగా నడిచారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి సుమతి ఇంటి ముందు దీపాలన్నీ వెలుగుతున్నాయి. పేరంటం అప్పుడే అయింది. పట్టుచీరల ఆడవాళ్ళు వాయనం సంచులతో ఒకరికొకరు వీడ్కోళ్ళు చెప్పుకుంటూ కార్ల వైపు వస్తున్నారు, కొందరు ఇటే వస్తున్నారు. సుధ చూడలేదు, తన ధోరణిలో నడుస్తూనే ఉంది.

లీలావతి కాళ్ళు ఆగిపోయాయి. ఆగాలని ఆవిడ అనుకోలేదు. వాయనం తీసుకుని వెళ్ళే ముత్తయిదువలకి ఎదురు రాకూడదని వాటికే తెలుసు. అవి ఆవిణ్ని ఫుట్‌పాత్ మీంచి పక్కకి, మేపుల్ చెట్టు నీడలోకి తీసుకుపోయి నిలబెట్టాయి.

రెండడుగులు ముందుకు వెళ్ళిన సుధ తిరిగి చూసింది. చెట్టు కిందున్న లీలావతినీ, ఎదురుగా వస్తున్నవాళ్ళనీ చూసింది. వెనక్కి వచ్చి, ఏమీ అడగకుండా, ఆవిడ పక్కనే ఆ నీడలో నిలబడింది. ఆఖరి కారు వెళ్ళేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.